పోరుమామిళ్ళ: దోషాలు కూడా రాసుకున్న ఊరు



ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. మనసులో ఒక పటం గీయండి. పైన, ఉత్తరాన, శ్రీశైలం. కింద, దక్షిణాన, పెన్న ఒడ్డున సిద్ధవటం. పడమటి పక్క నల్లమల లోపల అహోబిలం. తూర్పు పక్క వెలిగొండలకు అవతల ఉదయగిరి కోట. ఈ నాలుగు పేర్లూ మీకు తెలుసు. దేవుళ్ళున్న చోట్లు, కోటలున్న చోట్లు. ఇప్పుడు ఆ నాలుగింటి నడుమ వేలు పెట్టండి. మీ వేలి కింద ఉన్న ఊరు పోరుమామిళ్ళ.

కడప జిల్లాలో బద్వేలుకు పైన, గిద్దలూరుకు పోయే దారిలో ఉంటుంది. మండల కేంద్రం. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు విత్తనాలకూ ఎరువులకూ బట్టలకూ వచ్చిపోయే చిన్న పట్నం. కోట లేదు. పెద్ద గోపురం లేదు. యాత్రికుల బస్సులు బ్రహ్మంగారి మఠానికి పోతూ ఈ ఊరి మీదుగా దాటిపోతుంటాయి. చూడ్డానికి ఏముంది ఇక్కడ అని దిగకుండానే పోయేవాళ్ళే ఎక్కువ. ఈ ఊళ్ళో చూడాల్సింది ఒకటుంది. అది ఊరి చెరువు. దాని పక్కన ఒక రాయి. ఈ పూట ఆ చెరువు గురించీ, ఆ రాయి గురించీ మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు చెరువు.

అటు నల్లమల, ఇటు వెలిగొండలు. రెండింటి నడుమ సన్నటి లోయ. ఆ లోయలో సగిలేరు దక్షిణంగా పారి పెన్నలో కలుస్తుంది. మన రాయలసీమ వాన సంగతి మీకు చెప్పక్కర్లేదు. కురిస్తే నాలుగు దినాలు కుండపోతగా కురుస్తుంది. తర్వాత నెలల తరబడి మొహం చాటేస్తుంది. కొండ మీద పడ్డ నీళ్ళు వంకల్లో ఎర్రగా ఉరుకుతాయి. రెండు దినాల్లో ఏరు మళ్ళీ ఇసుకే. ఇలాంటి చోట పైరు పండాలంటే ఆ నాలుగు దినాల నీటిని పట్టి ఆపాలి. ఆపడానికి గిన్నె కావాలి. ఆ గిన్నె పేరే చెరువు.

పోరుమామిళ్ళ దగ్గర ఆ గిన్నెకు సగం అంచు ప్రకృతే ఇచ్చింది. కొండలున్నాయి, గుట్టలున్నాయి. గుట్టకూ గుట్టకూ మధ్య సందులున్నాయి. కట్టినవాళ్ళు చేసిందల్లా ఆ సందుల్ని మూయడం. మట్టి పోసి, తొక్కించి, లోపలి వైపు అలలు కోయకుండా మన కడప నాపరాయి పరిచారు. అంతపెద్ద చెరువుకు మనిషి చేత్తో కట్టిన కట్ట చాలా చిన్నది. మిగిలినదంతా కొండే కాస్తుంది. కొండ పని కొండకు వదిలి, మనిషి పని మనిషి చేశాడన్నమాట.

ఈ చెరువుకు వాళ్ళు పెట్టుకున్న పేరు అనంతరాజ సాగరం. సాగరం! సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న సీమ ఇది. అయినా మన పెద్దలు చెరువుకు సాగరమనీ, సముద్రమనీ పేర్లు పెట్టారు. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం ఉంది కదా. దాహం తెలిసినవాళ్ళు నీటికి పెట్టిన పేర్లు అవి. ఆ పేరు పలికినప్పుడల్లా నాకు వాళ్ళ మొహాల్లో సంతోషం కనిపిస్తుంది.

ఇప్పుడు రాయి దగ్గరికి వద్దాం.

చెరువు దగ్గర పాతబడిన భైరవుడి గుడి. ఆ గుడి ముందర రెండు రాతి పలకలు. నేను రాయి అన్నది వాటినే. వాటి మీద సంస్కృత శ్లోకాలు. సంవత్సరం శక 1291, అంటే క్రీస్తు శకం 1369. అప్పటికి విజయనగరం ఇంకా చిన్న వయసులో ఉన్న రాజ్యం. శ్రీకృష్ణదేవరాయలు పుట్టడానికే ఇంకా వందేళ్ళు పడుతుంది. సంగమ వంశపు మొదటి బుక్కరాయలు ఏలుతున్నాడు. ఆయన కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు. ఈ తూర్పు సీమను ఉదయగిరి నుంచి పాలించేవాడు. చెరువు కట్టించింది ఆయన, శాసనం వేయించింది ఆయన.

శాసనమంటే ఎలా ఉంటుందో మీరు విని ఉంటారు. రాజుగారి తాత, తండ్రి, బిరుదులు, దానాలు, చివర శాపాలు. ఇందులోనూ వంశ కీర్తనా ఉంది, దాన మహిమా ఉంది. కానీ నడుమలో ఒకచోట స్వరం మారుతుంది. పొగడ్త ఆగి, లెక్క మొదలవుతుంది. మంచి చెరువు కట్టాలంటే ఏమేం ఉండాలి అని చెబుతుంది శాసనం. పన్నెండు సాధనాలు చెబుతుంది. తర్వాత చెరువు ఎక్కడ చెడుతుందో చెబుతుంది. ఆరు దోషాలు చెబుతుంది. గుర్తు పెట్టుకోండి. పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు.

పన్నెండూ వరసగా అప్పజెప్పి మీకు విసుగు పుట్టించను. నాలుగైదు చెబుతాను.

మొట్టమొదటిది రాజు. ధర్మబుద్ధి ఉండాలి, చేతిలో డబ్బుండాలి, కీర్తి మీద ఆశా ఉండాలి. కీర్తి మీద ఆశ ఉండాలని దాచకుండా రాశారు చూడండి. పని జరగాలంటే అదీ కావాలని వాళ్ళకు తెలుసు. రెండోది, పాథశ్శాస్త్రం తెలిసిన పండితుడు. పాథస్సు అంటే నీరు. నీటి శాస్త్రం చదివిన మనిషి. అంటే ఆరు వందల యాభై ఏళ్ళ నాడు మన సీమలో నీటికి ఒక శాస్త్రముందని, దాన్ని నేర్చినవాళ్ళున్నారని ఆ రాయి సాక్ష్యం. రాజు తర్వాత వెంటనే వచ్చింది ఆ మనిషే.

తర్వాత నేల. గట్టి బంకమట్టి నేల ఉండాలి. తర్వాత ఏరు. తియ్యటి నీళ్ళ ఏరు, మూడు యోజనాల పైనుంచి పారి రావాలి. ఇక్కడ ఆ ఏరు పేరు మాల్దేవి. తర్వాత కొండలు, కొండల నడుమ రాతికట్ట. ఆ కట్ట మరీ పొడవు ఉండకూడదు, గట్టిగా మాత్రం ఉండాలి. ఇందాక నేను చెప్పిన గుట్టల సందులు గుర్తున్నాయా? శాసనం చెప్పిన మాటకూ, కట్ట మీద కంటికి కనిపించేదానికీ తేడా లేదు. చేసిన పనినే సూత్రంగా రాశారు.

తిన్నగా, పొడుగ్గా ఉన్న రాళ్ళు దొరికే గని దగ్గర్లో ఉండాలన్నారు. చుట్టూ చదునైన, పండే పొలాలు ఉండాలన్నారు. పన్నెండో సాధనం, అన్నిటికన్నా చివరిది, కట్టడంలో ఆరితేరిన పనివాళ్ళ గుంపు. రాజుతో మొదలైన వరస పనివాళ్ళతో ముగిసింది. ఆ పనివాళ్ళ దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు దోషాలు. శాసనం అనువాదం మొదటిసారి చదివినప్పుడు నేను ఇక్కడే ఆగిపోయాను. చాలాసేపు ముందుకు పోలేకపోయాను.

మొదటి దోషం, కట్టలోంచి నీరు ఊరడం. కట్ట కింద తడి కనిపించిందంటే లోపల నీరు దారి వెతుక్కుంటోందని. ఈ పొద్దు ఊరతేమ, రేపు చిన్న దార, ఎల్లుండి గండి. ఏ ఊరి రైతుకైనా తెలిసిన భయం ఇది. రెండోది చౌడు నేల. చౌడు మీద నిలిచిన నీరు పొలాన్ని తడపదు, చెడగొడుతుంది. మూడోది వినండి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం. ఇంకొకసారి చెబుతాను. రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు కట్టడం దోషం. మట్టి బాగున్నా, ఏరు బాగున్నా, కొండ బాగున్నా, ఆ చెరువు నిలవదు. ఎందుకో వాళ్ళు విడమరచి రాయలేదు. నది నీళ్ళ పంపకాల మీద రాష్ట్రాల తగాదాలు వార్తల్లో వినే మనకు విడమరచి చెప్పాల్సిన పనీ లేదు. నీటి శాస్త్రమంటే మట్టీ రాయీ తెలిస్తే సరిపోదు, మనుషులు ఎక్కడ కొట్టుకుంటారో కూడా తెలియాలని 1369లోనే లెక్కలో వేసుకున్నారు.

నాలుగో దోషానికి వాళ్ళు పెట్టిన పేరు కూర్మం. తాబేలు. చెరువు అడుగున నడుమ తాబేలు వీపులాగా మిట్ట ఉండడం. చెరువు నిండినట్టే కనబడుతుంది, కానీ నీళ్ళ కింద తాబేలు కూర్చుని ఉంటుంది. పైకి ఎంత విశాలంగా ఉన్నా లోపల నీరు పట్టదు. ఎంత చక్కటి మాట! ఒకసారి విన్నవాడు మరిచిపోడు. పూడిక పేరుకుపోయిన మన చెరువుల్ని చూసినప్పుడల్లా నాకు ఆ తాబేలు గుర్తొస్తుంది. అప్పటి తాబేలు నేలలో పుట్టింది. ఇప్పటి తాబేళ్ళను ఏటా మనమే పెంచుతున్నాం.

ఇక ఐదూ ఆరూ జంట. ఐదోది, నీరు కొంచెం, తడపాల్సిన నేల చాలా. ఆరోది, నేల కొంచెం, నీరు చాలా. రెండూ దోషాలే. తక్కువైనా దోషమే, ఎక్కువైనా దోషమే. నీటికి తగ్గ ఆయకట్టు, ఆయకట్టుకు తగ్గ నీరు. నీళ్ళు తెస్తామని మాటివ్వడం ఏ ఏలికకైనా తీపి పని. ఎంత నేలకు తేగలమో కొలిచి, అంతకే మాటివ్వడం కష్టమైన పని. ఆ కష్టమైన పనిని రాతి మీద చెక్కించి, అందరూ చూసేచోట నిలబెట్టారు.

నాకు ఈ ఊరి మీద గౌరవం పుట్టింది ఇక్కడే. విజయాలు రాసుకున్న రాళ్ళు మన దేశంలో వేలున్నాయి. ఎక్కడ పొరపాటు జరుగుతుందో రాసిపెట్టిన రాళ్ళు ఎన్నున్నాయి? తమ తర్వాత చెరువు కట్టబోయేవాడు, పేరు తెలియని వాడు, ఇంకా పుట్టనివాడు, వాడు దెబ్బతినకూడదని అనుకున్నారు. ఆ ఆరు దోషాలు వాడి కోసం రాసినవి.

ఇప్పుడు ఆ పనివాళ్ళు. శాసనం వాళ్ళ లెక్క కూడా చెప్పింది. చెరువు దగ్గర, కట్ట దగ్గర రోజూ వెయ్యిమంది. తూములకూ గోడలకూ రాయి మోయడానికి వంద బండ్లు. పని పూర్తి కావడానికి రెండేళ్ళు. వెయ్యిమంది, వంద బండ్లు, రెండేళ్ళు. ఖర్చయిన ధనానికీ ధాన్యానికీ లెక్కే లేదంది.

వెయ్యిమందిలో ఒక్క పేరూ రాయి మీద లేదు. కానీ వాళ్ళెలాంటివాళ్ళో మనం ఊహించుకోగలం. ఈ సీమలో రాతిపని అంటే వడ్డెరలు. మట్టిపని అంటే ఉప్పరులు. ఉప్పరులు తమను సగరులని చెప్పుకుంటారు. కొడుకుల చేత భూమిని తవ్వించి సాగరానికి పేరిచ్చిన సగరుడి వంశమట. తరతరాలుగా చెరువులు తవ్విన చేతులకు ఆ వంశవృక్షం అతికినట్టు సరిపోతుంది. తలమీద మట్టితట్టతో కట్ట ఎక్కే ఆడమనిషిని, కట్ట కింద చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టిన తల్లిని తలుచుకోండి. ఆ కట్ట ఎత్తు ఆమె ఎక్కిదిగిన దూరమే.

చెరువు కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. రెండేళ్ళలో కట్టారు. తర్వాత ఆరు వందల ఏళ్ళు నిలబెట్టింది ఎవరు?

మన సీమలో దానికొక ఏర్పాటుండేది. దశబంధం. పెద్దవాళ్ళ నోట ఆ మాట మీరు వినే ఉంటారు. చెరువు కట్టినవాళ్ళకో, మరమ్మతు చూసేవాళ్ళకో చెరువు కింది రాబడిలో పదో వంతు లెక్కన మాన్యం ఇచ్చేవాళ్ళు. ఆ మాన్యం అనుభవించేవాడు చెరువును కాపాడి తీరాలి. కట్ట తెగితే ముందు ఎండేది వాడి పొలమే కదా. ఇంకా నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలి, వానరాత్రి కట్ట మీద ఎవరు కాపలా ఉండాలి, అంతా నీరుగంటికి తెలుసు. చేలో కళ్ళం చేసినప్పుడు అతని వాటా గింజలు అతనికి కొలిచేవాళ్ళు. మరవ పారిన దినం ఊరంతా కట్ట మీదే. అలుగు అంటారు కొన్ని ఊళ్ళలో. మన దగ్గర మరవ. చెరువు మరవ పారిందన్న మాటకు సాటివచ్చే శుభవార్త ఆ కాలంలో లేదు.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కుంఫిణీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్నారు. కుంఫిణీ చెరువుల నుంచి శిస్తు ఆశించింది. మరమ్మతు పని మాత్రం ఊరి మీదే ఉండాలనుకుంది. చివరికి 1858లో మద్రాసులో ఒక చట్టమే చేశారు. ఊళ్ళవాళ్ళు చెరువు పనికి రాకపోతే బలవంతంగా రప్పించవచ్చని. అంతకు ముందు ఊరు తన చెరువని చేసుకున్న పని, సర్కారు చెరువు పనిగా మారింది. మాన్యాలు పోయాయి, నీరుగంటి పని పలచబడింది. తర్వాత బోర్లు వచ్చాయి. ఎవరి పొలంలో వాళ్ళ నీళ్ళు. బోరులో నీరు రావాలన్నా పక్కన చెరువు నిండాలన్న సంగతి, బోర్లు ఎండిన తర్వాతే మళ్ళీ గుర్తొచ్చింది.

రాయి కథ కొంచెం మిగిలింది. ఈ శాసనాన్ని చదివి, ఇంగ్లీషులోకి మార్చి ఎపిగ్రాఫియా ఇండికా సంపుటంలో అచ్చువేయించింది విష్ణు సీతారాం సుక్తంకర్. ఆ పేరు సాహిత్యం చదివేవాళ్ళకు బాగా తెలుసు. తర్వాతి కాలంలో పుణెలో భండార్కర్ సంస్థలో మహాభారతానికి సంశోధిత ప్రతి తయారుచేసే పనికి ప్రధాన సంపాదకుడైన పండితుడు ఆయనే. భారతంలో ఒక్కో అక్షరాన్నీ ఎన్నో ప్రతులతో సరిచూసిన కన్ను, అంతకు ముందు మన పోరుమామిళ్ళ రాతిని చూసింది. కూర్మం అన్న మాట దగ్గర ఆయన కూడా కాసేపు ఆగి ఉంటాడని నాకు అనిపిస్తుంది.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఒకటి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో పోరుమామిళ్ళ చెరువును చేర్చింది. ఆ ఏడే కంభం చెరువు, కర్నూలు కడప కాలువ కూడా చేరాయి. మూడూ మన చుట్టుపక్కలవే. ఆ గౌరవం వచ్చినందుకు నాకు సంతోషం. అయితే వారసత్వమనగానే కంచె వేసి, టికెట్ పెట్టి, ముట్టుకోవద్దని బోర్డు కట్టే అలవాటు మనకు ఉంది. చెరువుకు అది పనికిరాదు. చెరువును ముట్టుకోవాలి. పూడిక తీయాలి, కట్ట మీద మొలిచిన చెట్లు వేరు దిగకముందే తీయాలి, తూముకు గ్రీజు పెట్టాలి, వంకల్లో ఇళ్ళు లేవకుండా చూడాలి. దిగువన బ్రహ్మంసాగర్ ఉంది, తెలుగుగంగ నీళ్ళున్నాయి. కృష్ణ నీళ్ళు మన సీమ దాకా వచ్చాయంటే అది పెద్ద మాటే. కానీ కొండ మీద కురిసిన మన వానను ఆపేది మన చెరువే.

పాతకాలంలో సప్తసంతానాలని చెప్పేవారు. కొడుకు ఒక సంతానం. కావ్యం, గుడి, తోట, నిధి, అగ్రహారం కూడా సంతానాలే. ఆ ఏడింటిలో చెరువూ ఒకటి. బిడ్డతో సమానంగా చెరువును లెక్కపెట్టారు. బిడ్డను కని వదిలేసేవాళ్ళు ఉండరు కదా.

మీలో ఎవరైనా అటు పోతే ఒకసారి పోరుమామిళ్ళలో దిగండి. పిల్లలుంటే పిల్లల్ని తీసుకుపోండి. చెరువు కట్టకు దారి అడిగితే ఎవరైనా చెబుతారు. ముందు రాయి దగ్గర నిలబడండి. తర్వాత కట్ట ఎక్కి పిల్లల చేత వెతికించండి. కొండ ఏదీ? గుట్టల సందు ఏదీ? తూము ఏదీ? మరవ ఏదీ? రాతిలో ఉన్న పన్నెండింటిలో ఎన్ని కంటికి కనబడుతున్నాయో లెక్క పెట్టించండి. నీళ్ళు తగ్గిన కాలంలో పోతే తాబేలు కనబడుతుందేమో చూడమనండి.

ఇంకొక్క మాట. శాసనం వేయించిన సంవత్సరం పేరు సౌమ్య. అరవై ఏళ్ళకొకసారి తిరిగొచ్చే పేరు అది. 2029 ఉగాదికి సౌమ్య మళ్ళీ వస్తుంది. ఆ రాయి నిలబెట్టిన తర్వాత అది పదకొండోసారి రావడం. ఆ ఏడు వాన బాగా కురవాలనీ, అనంతరాజ సాగరం మరవ పారాలనీ, ఆ పొద్దు నేనూ ఆ కట్ట మీద ఉండాలనీ నా కోరిక.